మరియొక చోట వ్రాయబడియున్నది

మత్తయి సువార్త 4వ అధ్యాయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది అపవాది, అంటే సాతాను, నోట వచ్చిన "వ్రాయబడియున్నది" అన్న మాట. అరణ్యంలో ఉపవాసమున్న యేసు ప్రభువును వాడు శోధించాడు. రాళ్లను రొట్టెలు చేసుకోమంటే ప్రభువు వాక్యంతో జవాబిచ్చాడు. ఈయన వాక్యానికి లోబడేవాడని వాడికి అర్థమైంది. అందుకే రెండోసారి వాడే వాక్యం ఎత్తుకున్నాడు.

దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, "నీవు దేవుని కుమారుడవైతే క్రిందికి దుముకుము" అంటూ వాడు చెప్పింది 91వ కీర్తన. దేవుడు తన దూతలతో కాపాడతాడని ఎంతో ఆదరణ ఇచ్చే కీర్తన. కానీ 11వ వచనంలో ఉన్న "నీ మార్గములన్నిటిలో" అన్న మాట వాడి నోట రాలేదు. మత్తయిలో చూడండి, లూకాలో చూడండి, ఆ మాట ఉండదు. దూతల కాపుదల మనం నడవాల్సిన దారిలో ఉంది. శిఖరం మీంచి దూకడం ఏ దారి? పైగా వాడు 12వ వచనం దగ్గరే ఆగిపోయాడు. 13వ వచనంలో సింహాన్నీ సర్పాన్నీ కాలికింద తొక్కడం గురించి ఉంది. అక్కడిదాకా చదవడం వాడికెందుకు ఇష్టమవుతుంది!

ప్రభువు ఆ కీర్తనను కాదనలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు. ఈ "మరియొక చోట" దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఆ చోటు ద్వితీయోపదేశకాండము 6:16. అక్కడ మస్సా అనే చోటి పేరుంది. మస్సా కోసం నిర్గమకాండము 17కి వెళ్లాలి. 16వ అధ్యాయంలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం తిన్న ఇశ్రాయేలు జనమే నీళ్లు లేకపోయేసరికి "యెహోవా మన మధ్య ఉన్నాడో లేడో" అన్నారు. ఇప్పుడు మళ్లీ శిఖరం దగ్గరికి రండి. దూకడం పైకి గొప్ప విశ్వాసంలా కనబడుతుంది, లోపలున్నది మాత్రం మస్సా ప్రశ్నే. ఉన్నాడో లేడో, పట్టుకుంటాడో లేదో చూద్దాం అనడమే. యొర్దాను నదిలో బాప్తిస్మం పొందినప్పుడు "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న తండ్రి మాట విన్నవాడికి దూకి చూసుకోవాల్సిన పని లేదు.

మనం ఏం చేస్తున్నాం? ఒక్క వచనం కత్తిరించి స్టేటస్‌లో పెట్టుకుంటాం. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని పరీక్షకీ, వ్యాపారానికీ వాడేస్తాం. పౌలు అది సంకెళ్లలో ఉండి రాశాడు. పైవచనంలో ఆకలిగా ఉండడం కూడా నేర్చుకున్నానన్నాడు. అది మనకు పట్టదు. నాకు బాధేస్తుంది.

కానీ ఇదే తప్పు నేనూ చేశాను. సొంత తమ్ముడితో మాట పట్టింపు వచ్చింది. తప్పు ఎక్కువగా నాదే. అయినా నెలల తరబడి "యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును, మీరు ఊరకయే యుండవలెను" అన్న వచనం పట్టుకుని కూర్చున్నాను. ప్రార్థనలో కూడా అదే చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు వరుసగా చదువుతుంటే నిర్గమకాండము 14లో ఆ వచనం వచ్చింది. దాని కిందిదే, దేవుడు మోషేతో అన్న 15వ వచనం: "నీవేల నాకు మొఱ పెట్టుచున్నావు? సాగిపోవుడి." నాకు నోట మాట రాలేదు. నా పగకు దేవుని మాటను ముసుగుగా కప్పాను. అపవాది ఆగినట్టే, నాకు అనుకూలమైన చోట ఆగాను. ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్లి క్షమించమని అడిగాను.

అందుకే బతిమాలుతున్నాను, శోధన వచ్చిన రోజున బైబిల్లో వచనం వెతుక్కోవడం కాదు, ముందునుంచే అధ్యాయం మొత్తం చదవండి. మీ కోరికకు సరిగ్గా సరిపోయే వచనం దొరికిందా, అప్పుడే ఇంకా జాగ్రత్తపడండి. పైన ఏముంది, కింద ఏముంది చూడండి. మరియొక చోట ఏం రాసి ఉందో మోకాళ్ల మీద ఉండి అడగండి.

అపవాది కొంతకాలమే విడిచిపోయాడని లూకా రాశాడు. కల్వరిలో అదే మాట మళ్లీ వినబడింది: "నీవు దేవుని కుమారుడవైతే సిలువమీదనుండి దిగుము." ప్రధానయాజకులు, శాస్త్రులు, పెద్దలు "ఆయన ఇప్పుడు వానిని తప్పించును" అని ఎగతాళి చేశారు. అది 22వ కీర్తన 8వ వచనంలోని మాట. ప్రభువు దిగలేదు. చీకటి కమ్మిన ఆ మధ్యాహ్నం "నా దేవా, నా దేవా" అని కేక వేశాడు. అదే కీర్తన, మొదటి వచనం నుంచి.