టిమ్ డంకన్: ఆర్భాటం లేని 19 సీజన్లు

టిమ్ డంకన్ మొదట ఈతగాడు. కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ దీవిలో పెరిగిన అతడు, 1989లో హ్యూగో తుఫాను అక్కడి ఈతకొలనును ధ్వంసం చేసిన తరువాతనే బాస్కెట్‌బాల్ వైపు మళ్లాడు. డిగ్రీ పూర్తి చేస్తానని తల్లికిచ్చిన మాట కోసం, ఆమె మరణించాక కూడా, వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లూ చదివి, 1997లో శాన్ ఆంటోనియో స్పర్స్‌లో చేరి, 2016లో ఆట విరమించేదాకా ఆ ఒక్క జట్టుకే ఆడి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఐదు టైటిళ్లు గెలిచాడు. ఇన్నేళ్లు ఒకే జట్టును అంటిపెట్టుకోవడం ఆ లీగ్‌లో అరుదు.

నన్ను కట్టిపడేసేది మాత్రం అతడి బ్యాంక్ షాట్. బుట్టకు ఎడమపక్కన కోణంగా నిలబడి, బంతిని బోర్డుకు తగిలించి లోపల పడేసేవాడు. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు గానీ, దాన్ని ఆపడం ప్రత్యర్థులకు తలకు మించిన పనయ్యేది. 2003 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 21 పాయింట్లు, 20 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 10 అసిస్టులు (సహచరుడి బుట్టకు దారితీసే పాస్), 8 బ్లాకులు (ప్రత్యర్థి షాట్‌ను అడ్డుకోవడం) సాధించాడు.

అంతటివాడు మయామీ హీట్ చేతిలో స్పర్స్ ఓడిన 2013 ఫైనల్స్ ఏడో మ్యాచ్ చివరి నిమిషంలో బుట్ట పక్కనుంచే తేలికైన షాట్ తప్పి, వెనక్కి వెళ్లి అరచేతులతో నేలను చరిచాడు. మరుసటి ఏడాది ఫైనల్స్‌లో అదే మయామీ హీట్‌ను స్పర్స్ 4-1తో ఓడించింది.