మధ్యాహ్నం మెట్ల మీద

ఆదివారం. పప్పుచారు అన్నం తిని కాస్త కునుకు తీద్దామనుకుంటే కరెంటు పోయింది. సరే, ఫోన్లో ఛార్జింగ్ ఉందిగా అని ‘మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’ పెట్టాను. మాయా డెరెన్, ఆమె భర్త అలెగ్జాండర్ హమ్మిడ్ 1943లో లాస్ ఏంజెల్స్‌లో తమ ఇంట్లోనే తీసుకున్న 14 నిమిషాల సినిమా. మాటలుండవు. సంగీతం కూడా 1959లో చేర్చిందే.

ఒకావిడ ఇంటికొస్తుంది. తాళంచెవి చెయ్యి జారి మెట్ల మీద ఎగిరెగిరి కిందికి పోతుంది. లోపల బల్ల మీద రొట్టె, అందులో గుచ్చిన కత్తి. మెట్ల మీద పక్కకు తీసిపెట్టిన ఫోను రిసీవరు. కిటికీ దగ్గర కుర్చీలో నిద్రపోతుంది. ఇక అక్కణ్ణుంచి మళ్లీ అదే రాక, అదే తాళంచెవి. ఒకసారి అది ఆమె నోట్లోంచి బయటికొస్తుంది, ఇంకోసారి చూస్తుండగానే కత్తైపోతుంది. దేనికేం అర్థమో వెతకడం కాసేపటికే మానేశాను. అర్థం చెప్పేస్తే ఆ భయం పోతుందేమో అనిపించింది.

మన సినిమాల్లో కల అంటే పొగ. ఇందులో అదేం లేదు, అంతా మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆవిడ కత్తి పట్టుకుని నడుస్తుంటే ఒక అడుగు ఇసుకలో పడుతుంది, తర్వాతది గడ్డిలో, తర్వాత మట్టిలో, సిమెంటు బాట మీద, చివరికి గదిలో తివాచీ మీద. ప్రతి షాటూ శుభ్రంగా కనిపిస్తుంది, అతుకు దగ్గరే మనకి మతి పోతుంది. దీన్ని మూడుసార్లు వెనక్కి జరిపి చూశాను.

మెట్ల సీన్లో ఇల్లు పడవలా ఊగుతుంది, ఆవిడ ఈ గోడకీ ఆ గోడకీ తూలి పడుతుంది. ఊగేది ఇల్లు కాదు, కెమెరా.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సాయంత్రం మా పాపని అపార్ట్‌మెంట్ మెట్ల మీద నిలబెట్టి, “నువ్వు ఎడమకి ఒరుగు, నేను ఫోను కుడికి వంచుతా” అన్నాను. నాలుగు టేకులు తీశాం. మూడింట్లో ఫోను ముందు వంగింది, పాప తర్వాత ఒరిగింది. నాలుగోది కుదిరేలోపు పై ఫ్లోర్ ఆంటీ కూరగాయల సంచితో మెట్లెక్కుతూ ఆగిపోయారు.

“ఏమ్మా, పిల్లకి కళ్లు తిరుగుతున్నాయా? కాస్త నిమ్మరసం ఇవ్వకపోయావా!”

పాప గోడకి ఆనుకుని ఒకటే నవ్వు.