ఇంట్లో డేకేర్ నడుపుతూ సీడీఏ తెచ్చుకున్నాను: నా అనుభవం

కాలిఫోర్నియాలో మా ఇంట్లోనే డేకేర్ నడుపుతాను. రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ పెద్ద కష్టమనిపించలేదు. వేలిముద్రలు, టీబీ పరీక్ష, ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ శిక్షణ, ఇంటికొచ్చి చూసుకునే ఇన్‌స్పెక్షన్, అంతే. అసలు కసరత్తు సీడీఏ, అంటే చిన్నపిల్లల్ని చూసుకునేవాళ్లకిచ్చే చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్ సర్టిఫికెట్ దగ్గర మొదలైంది. ఇది అమెరికా అంతటా చెల్లుతుంది.

దానికి 480 గంటల అనుభవం, 120 గంటల శిక్షణ కావాలి. డేకేర్ నడిపేవాళ్లకి అనుభవం దానంతట అదే పోగవుతుంది. శిక్షణకే టైమ్ దొరకదు. పిల్లల్ని వాళ్ల అమ్మానాన్నలు తీసుకెళ్లాక, మా ఇంట్లో భోజనాలయ్యాక, రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో కూర్చునేదాన్ని. మొత్తం 8 అంశాలు, ఒక్కోదానికి కనీసం 10 గంటలు. మొత్తం గంటలు నిండినా ఏ ఒక్క అంశంలో తగ్గినా కుదరదు. అందుకే సర్టిఫికెట్లు అంశాలవారీగా విడివిడి ఫైళ్లలో పెట్టుకున్నాను.

నన్ను బాగా ఆలోచింపజేసింది పోర్ట్‌ఫోలియో, అంటే మన పని గురించి రాసి పెట్టుకోవాల్సిన ఫైలు. పక్క పిల్లాణ్ణి కొరికే రెండేళ్లవాడితో ఎలా మాట్లాడతావు, ఆ బొమ్మల అర అంత కిందకి ఎందుకు పెట్టావు, ఇలాంటివన్నీ మన మాటల్లో రాయాలి. రోజూ చేసే పనే, కానీ ఎందుకు చేస్తున్నామో రాయడానికి కూర్చుంటే పెన్ను కదలదు. "ఇంట్లోనే ఉంటావుగా, నీకేం పని" అనే చుట్టాలకి ఆ కాగితాలు చూపించాలనిపించింది, నిజంగా.

తర్వాత సీడీఏ కోసం నా పనిని అంచనా వేసే స్పెషలిస్ట్ వచ్చి నేను పిల్లలతో ఉండగా రెండు గంటలు గమనించారు. ఉదయం దాకా ఒకటే టెన్షన్. పిల్లలు మాత్రం ఆవిడ చేతిలో నోట్‌బుక్ చూసి బొమ్మలు గీసిపెట్టమని అడిగారు! 65 ప్రశ్నల పరీక్ష దానితో పోలిస్తే తేలికే.

సర్టిఫికెట్ వచ్చాక కొత్తవాళ్లు సలహాలకి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే ఒకావిడకి ఇంటి ఓనర్ డేకేర్ కుదరదన్నాడు. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఎస్‌బీ 234 అనే కాలిఫోర్నియా చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న ఇంటి డేకేర్‌ని ఓనర్ అడ్డుకోకూడదు. మొదలుపెట్టే ముందు ఆయనకి 30 రోజుల రాతపూర్వక నోటీసిస్తే చాలు. ఆరుగురు దాటి ఎనిమిదిమంది వరకు చూడాలంటే మాత్రం ఆయన అనుమతి తప్పనిసరి. ఉత్తరం ఇద్దరం కూర్చుని రాశాం. చట్టం కాగితం మీదుంటే సరిపోదని, అది ఉందని చెప్పేవాళ్లు కూడా కావాలని నాకు అక్కడే అర్థమైంది. అప్పటినుంచి డేకేర్ నడిపేవాళ్ల మీటింగులకి వెళ్లి మాట్లాడుతున్నాను.

ఆవిడ ఇప్పుడు తన సీడీఏ మొదలుపెట్టింది. పిల్లల తల్లిదండ్రులు తమ అభిప్రాయాలు నింపాల్సిన ఫారాలు ముందే పంచేయమన్నాను. సగానికి పైగా తిరిగి రావాలి, వాళ్లు ఇచ్చేసరికి వారాలు పడుతుంది మరి.