మ్యాచ్‌కి ముందు బిర్యానీ

మధ్యాహ్నం 3 గంటలకు మా పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్. ఒకటిన్నరకు దాత ఒకాయన కారు డిక్కీ తెరిచి 18 చికెన్ బిర్యానీ ప్యాకెట్లు దించాడు. "పిల్లలు కడుపునిండా తిని ఆడాలి సార్" అన్నాడు. అంత ప్రేమగా తెస్తే వద్దని ఎలా చెప్తాం? నేనూ ఓ లెగ్ పీస్ లాగించాను. హాఫ్ టైమ్‌కి 1-0తో ముందున్నాం. రెండో సగంలో మావాళ్లు బంతి వెనక నడుస్తున్నారు. రైట్ బ్యాక్ ఆడే పిల్లాడైతే గోల్‌పోస్ట్ వెనక్కెళ్లి వాంతి చేసుకున్నాడు. 1-3తో ఓడిపోయాం. నూనె, మసాలా ఉన్న తిండి తొందరగా అరగదని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

నిజామాబాద్‌లో ఒక బడి గ్రౌండ్‌లో పొద్దున్నే 13-16 ఏళ్ల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను. ఆ ఓటమి తర్వాత ఒక నోట్‌బుక్ కొని, నిన్న ఏం తిన్నావు, ఎన్నింటికి తిన్నావు అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను. తిండి నేననుకున్నంత ఘోరంగా ఏమీ లేదు. అన్నం, పప్పు, బడిలో గుడ్డు, ఆదివారం కోడికూర. టైములు చూశాకే కంగారు పుట్టింది. రాత్రి 9కి అన్నం. పొద్దున 5:30కి చాయ్, రెండు బిస్కెట్లు. 6 నుంచి 7:30 దాకా ప్రాక్టీస్. ఇంటికెళ్లి స్నానం చేసి బడికి ఉరికే హడావిడిలో టిఫిన్ ఎగిరిపోతుంది. మళ్లీ ముద్ద నోట్లోకి వెళ్లేది ఒంటిగంటకే. అంటే 16 గంటలు చాయ్ బిస్కెట్ మీద గడుపుతున్నారు, అందులో గంటన్నర పరుగు! వీళ్లనా నేను "స్టామినా లేదు" అని రోజూ తిట్టింది?

ఒకడు జిమ్‌లో ఎవరో చెప్పారని ఇంట్లో పోరి 2,800 రూపాయల ప్రొటీన్ డబ్బా కొనిపించుకున్నాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. కండల కోసం ఇలాంటి పొడులు వాడొద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనే ఉంది. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రొటీన్, గుప్పెడు పల్లీల్లో ఇంకో 7 గ్రాములు. గుడ్డు 7 రూపాయలనుకుంటే, ఆ డబ్బుతో రోజుకొకటి చొప్పున ఏడాది దాటేది.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఒకమ్మాయి పది నిమిషాలకే ఆయాసపడుతుంటే బద్ధకమనుకున్నాను. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 మాత్రమే. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, భోజనం కాగానే చాయ్ తాగే అలవాటు మానమంది. తిండిలోని ఐరన్‌ని చాయ్ సరిగా ఒంటికి పట్టనివ్వదట. మర్నాడు గ్రౌండ్‌లో అందరి ముందూ ఆ పిల్లకు సారీ చెప్పాను.

ఇప్పుడు ప్రాక్టీస్‌కి ముందు ఒక అరటిపండు తినందే బూట్లు కట్టనివ్వను. అయిపోగానే అక్కడే ఉడకబెట్టిన గుడ్డు, పల్లీపట్టి. గుడ్లు ఉడికించే పని తల్లులు వంతులేసుకున్నారు. మ్యాచ్ రోజు మూడు గంటల ముందే అన్నం, పప్పు, పెరుగు. ఆట మధ్యలో నీళ్లు తాగితే కడుపు పట్టేస్తుందని ఇన్నేళ్లూ నేనే చెప్పేవాణ్ని. ఇప్పుడు నేనే సీసాలు నింపుతున్నాను.

మొన్న ఆ బిర్యానీ దాత ఫోన్ చేశాడు, వచ్చే మ్యాచ్‌కి ఎన్ని ప్యాకెట్లు కావాలని. "పద్దెనిమిదే అన్నా, కానీ ఫైనల్ విజిల్ అయ్యాక తెండి" అన్నాను.

"ఓడిపోతే?"

"ఓడిపోయినా ఆకలేస్తది కదన్నా!"