పాత పానా ఏ నట్టుదో తేల్చుకోవడం: నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం పాత ఇనుము కొట్లలో పానాలు కిలో లెక్కన ఇస్తారు. నౌపడా నుంచి చిన్న రైలు (పర్లాకిమిడికి 1900లో, గుణుపురానికి ఆ తర్వాత) నడిచిన ఊళ్లు, ఆయిల్ ఇంజన్ల మీద రైసుమిల్లులు తిరిగిన ఊళ్లు కాబట్టి మెట్రిక్‌కు ముందటి సరుకు బాగానే తగులుతుంది.

ముందు తుప్పు వదిలించాలి. రాత్రంతా కిరసనాయిల్లో నానేసి ఇత్తడి బ్రష్షుతో రుద్దుతాను. గ్రైండరుకు వైరు బ్రష్షు బిగించి కొడితే తుప్పుతోపాటు అక్షరాలూ పోతాయి, ఆపైన తలకిందులుగా తపస్సు చేసినా లాభం లేదు. ఆరాక పిడి మీద సుద్దముక్క గీసి అరచేత్తో తుడిస్తే గుంటల్లో తెలుపు నిలుస్తుంది. టార్చి పక్కవాటుగా పట్టుకుంటే అంకె చదవొచ్చు.

ఎక్కువమంది బోల్తా పడేది ఆ అంకె దగ్గరే. 1/2 డబ్ల్యూ అంటే మూతి వెడల్పు అర అంగుళం కాదు, బోల్టు కాడ మందం అర అంగుళం. డబ్ల్యూ అంటే విట్‌వర్త్, పాత బ్రిటిష్ అంగుళాల మరల కొలత. ఆ లెక్కలో ఆ మూతి 0.920 అంగుళం, అంటే 23.4 మి.మీ. అదే మూతికి 9/16 బీఎస్‌ఎఫ్ (బ్రిటిష్ సన్న మరల కొలత) అనీ ఉంటుంది. దాని నట్టుకు 24 మెట్రిక్ పానా వేస్తే అర మిల్లీమీటరు పైన వదులుండి మూలలు అరిగిపోతాయి. మూతి కొలిచేటప్పుడు వెర్నియర్‌ను కొసల దగ్గర పెట్టొద్దు, అక్కడ విచ్చుకుని ఉంటుంది. లోపలికి పెట్టి చూడాలి. ఒక దవడ మీద అడ్డంగా ఆకురాయి గీతలుంటే ఎవరో రాసి పెద్దది చేసినట్టే, ఆ కొలత నమ్మను.

తర్వాత పిడికీ తలకీ మధ్య వంపు. పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని చాలు. 15 డిగ్రీలైతే ఆరు పలకల నట్టుది. 22.5 డిగ్రీలైతే నాలుగు పలకలది: పానా తిరగేసి వేసుకుంటూ 45 డిగ్రీల జాగాలో పని నడుస్తుంది.

మూతి చుట్టూ మూసి ఉన్న పానా అయితే లోపల కొంచెం నూనె రాసి చపాతీ పిండి ముద్ద నొక్కుతాను. బయటికి తీస్తే నట్టు తలకాయ అచ్చు చేతిలో ఉంటుంది. మూడు పలకలొస్తే ప్యానెల్ బాక్సు తలుపుదో, లిఫ్టు తలుపుదో. ఐదొస్తే అమెరికాలో ఫైర్ హైడ్రెంట్ల మీద వాడే రకం. ఐదు పలకల నట్టులో ఏ రెండు పలకలూ సమాంతరంగా ఉండవు, మామూలు పానా పట్టదు. అందుకే దాన్ని పలక నుంచి ఎదుటి మూలకు కొలుస్తారు. బయటివాళ్లు విప్పకూడదనే ఆ ఆకారం.

కొడవలిలా వంగి కొసన పన్ను ఉంటే హుక్ పానా. 45–50 అని ఉంటే అది గుండ్రని నట్టు బయటి వ్యాసం, మి.మీ.లలో. పన్ను చదరంగా ఉంటే గాడి పెట్టిన నట్టుకి, బేరింగు లాక్ నట్టులాంటివాటికి; గుండ్రని మేకులా ఉంటే కన్నాల నట్టుకి. పన్ను సగం విరిగినవే ఎక్కువ దొరుకుతాయి, అవి కొనొద్దు. గాడిలో పూర్తిగా కూర్చోక జారి నట్టునీ చెడగొడతాయి.

మొసలి నోరులా తెరుచుకుని ఒక దవడకే పళ్లుంటే దానికి ప్రత్యేకమైన నట్టంటూ లేదు. పైపు, రాడ్డు, మూలలరిగిన బోల్టు, దేన్నయినా కరుస్తుంది. కొన్నిటికి పిడిలో మరలున్న కన్నాలుంటాయి. కొట్టువాడు తాడు కట్టుకోడానికంటాడు గానీ, చెడిన బోల్టు మరలు సరిచేసుకునే డైలవి. ఆ మరలు అరగకుండా ఉంటే రెండో మాట లేకుండా తీసుకుంటాను.