శ్రీహరికోట నుంచి వచ్చిన నోట్‌బుక్

బడి పిల్లలకు అంతరిక్ష విజ్ఞానం నేర్పే ఇస్రో 'యువిక' శిబిరానికి వెళ్లిన మా తొమ్మిదో తరగతి అమ్మాయి నిన్న తిరిగొచ్చింది. రెండు వారాలు శ్రీహరికోటలో! రాగానే నోట్‌బుక్ తీసి, "సార్, రాకెట్ మేమే ఎగరేశాం" అంది. పేజీ నిండా పెన్సిల్ బొమ్మ. రెక్కల దగ్గర చెరిపి చెరిపి కాగితం పలచబడిపోయింది.

2019లో మొదలైన ఈ శిబిరంలో ప్రయాణం, బస, భోజనం ఖర్చంతా ఇస్రోదే. ఎంపికలో పల్లెటూరి బడి పిల్లలకు అదనపు మార్కులు కూడా ఉంటాయి. అయినా దరఖాస్తు పెట్టేటప్పుడు వాళ్ల నాన్న "ఇవన్నీ మనకెందుకు సార్" అన్నాడు. ఎంత బతిమాలానో! నిన్న ఆయనే అరుగు మీద కూర్చుని, ఆ నోట్‌బుక్ ఒక్కో పేజీ మెల్లగా తిప్పుతున్నాడు. చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

ఎనిమిదిలో ఇంకో ఇద్దరున్నారు. వచ్చే ఏడాది వాళ్ల చేతా దరఖాస్తు పెట్టించాలి.