ఐఈలో మాత్రమే కనపడే తెలుగు

ఇప్పటోళ్ళకి తెలీదు గానీ 2005 ప్రాంతంలో తెలుగు పేపర్ల సైట్లు చాలావరకు మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ)లోనే సరిగ్గా కనపడేవి, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు కొమ్ములూ చుక్కలూ ఉన్న ఏవో యూరప్ అక్షరాలు. ఒక్కో పేపర్‌ది ఒక్కో సొంత ఫాంటు మరి, ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీదే తెలుగు బొమ్మలు అతికించేసి ఈఓటీ (పేజీతో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ రకం ఫాంటు) ఫైలుగా పంపేవాళ్ళు, అదేమో ఐఈకి తప్ప ఇంకే బ్రౌజర్‌కీ ఎక్కేది కాదు. గూగుల్లో వెతికితే దొరకదు, కాపీ చేసి మెయిల్లో పెడితే చెత్త. అన్ని భాషల అక్షరాలకీ తలా ఓ నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది అప్పటికే! ఫైర్‌ఫాక్స్‌కి తగిలించుకునే పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఆ గోలనంతా యూనికోడ్‌లోకి మార్చి చూపించేది కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు కొన్ని సైట్లు 'క్రోమ్‌లోనే తెరవండి' అంటున్నాయి, మళ్ళీ అదే రోగం. తెలుగు సైటు కడుతుంటే బటన్లకి ఎత్తు పిక్సెల్స్‌లో బిగించకండి, 'లక్ష్మి'లో కింది ఒత్తులు తెగిపోతాయి, ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో కూడా ఓసారి తెరిచి చూస్కోండి.